ఒక్క సీటు, రెండేళ్ళ మార్కులు

భయమేస్తే కొందరు ఏడుస్తారు, కొందరు దేవుళ్ళకి మొక్కుకుంటారు. నాకు కోపం వస్తుంది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద విరుచుకుపడతాను. ఎనభైల్లో, యానాంలో నేను ఇంటర్మీడియెట్ చదివిన ఆ రెండేళ్ళూ ఇంట్లో నాతో ఎవరూ గట్టిగా మాట్లాడలేదంటే నేనెంత భయపడ్డానో మీరే ఊహించుకోండి. "ఇది చదువా, పూనకమా?" అనేది అమ్మ, నాకు వినపడకుండా.

అంతా ఫస్టియర్ ఫిజిక్సు పరీక్షతో మొదలైంది. చదవలేదా అంటే, పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చదివాను. ప్రశ్నపత్రం చేతికొచ్చింది. మొదటి లెక్క చేస్తుంటే సగంలో ఎక్కడో తేడా వచ్చింది. కొట్టేసి మళ్ళీ మొదలెట్టాను. మళ్ళీ తేడానే. ఇక వచ్చిన ప్రశ్నలు కూడా వచ్చో రావో అని అనుమానం పట్టుకుంది. రాసింది కొట్టేయడం, కొట్టేసిందే మళ్ళీ రాయడం, పక్క వరసలో వాళ్ళు అడిషనల్ షీట్లు అడుగుతుంటే వాళ్ళ వంక వెర్రిచూపులు చూడటం. గంట కొట్టేసరికి నా కాగితం నిండా కొట్టివేతలే. బయటికొచ్చాక "ఎలా రాశావమ్మా?" అని అడిగిన పాపానికి నాన్న మీద అరిచాను. పాపం, ఆయన గేటు దగ్గర ఎండలో సోడా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మార్కులొచ్చాయి. ఫిజిక్సులో అరవైకి ఇరవై రెండు. పాసే, కాకపోతే ఆ మార్కు పట్టుకుని ఇంజనీరింగు ఊసెత్తితే ఎవరైనా నవ్వుతారు. నాకు ఇంజనీరింగే కావాలి. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో కరెంటు పోతే ఫ్యూజు వేసేది నేనే. పక్కవీధి నుంచి కూడా నన్ను పిలుచుకెళ్ళేవాళ్ళు. సీటు రాకపోతే ఊళ్ళోనే బి.ఎస్సీ. చేరమన్నారు. ఆ మాట తలచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.

యానాం సంగతి బయటివాళ్ళకి చెప్పాలంటే నాకు ఎప్పుడూ చిరాకే. చుట్టూ ఆంధ్రా. మేం చదివే పుస్తకాలు ఆంధ్రావి, రాసే పరీక్షలు ఆంధ్రా బోర్డువి. తీరా కాలేజీ సీట్ల దగ్గరికొచ్చేసరికి, నాలుగడుగులేస్తే వచ్చే ఆంధ్రాలో మేం పొరుగు రాష్ట్రం వాళ్ళం. మా సీటేమో ఎక్కడో తమిళులున్న చోట, మా రాజధాని పాండిచ్చేరిలో. అక్కడ మా యానాం పిల్లల కోసం వేరుగా సీట్లు ఉంచేవారు. ఆ ఏడు ఇంజనీరింగులో మాకు ఒక్కటే ఉంటుందని అనుకున్నారు. ఆ ఒక్కటీ ఇంటర్ మార్కులు చూసి ఇస్తారు. నా మార్కుల్లో ఆ ఇరవై రెండు కూర్చుని ఉంది.

మా ఫిజిక్సు లెక్చరరు గారు దయగల మనిషి. స్టాఫ్ రూములోకి పిలిచి, "ఇంప్రూవ్‌మెంటు రాసెయ్యమ్మా. వచ్చే ఏడు సెకండియర్ పరీక్షలతోపాటు ఈ పేపరు కూడా మళ్ళీ రాయొచ్చు. రెండిట్లో ఎక్కువొచ్చిందే ఉంచి మొత్తంలో కలుపుతారు" అన్నారు.

"రెండోసారి ఇంకా తక్కువొస్తేనో సార్?"

"వస్తే ఏవుంది? పాత మార్కు ఎక్కడికీ పోదు."

"పాతది ఇరవై రెండే కదండీ!"

ఆయన నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సరే, రాద్దామని గుండె దిటవు చేసుకున్నానో లేదో, మా పక్కింటాయన దాపురించాడు. ఏదో ప్రభుత్వాఫీసులో గుమాస్తా. పాండిచ్చేరి ఒకసారి వెళ్ళొచ్చాడు గనక అక్కడి సంగతులన్నీ తన జేబులోనే ఉన్నట్టు మాట్లాడేవాడు. ఓ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "ఆ ఇంప్రూవ్‌మెంట్లూ గట్రా ఆంధ్రావోళ్ళకమ్మా. పాండిచ్చేరిలో మొదటిసారి రాసిన మార్కులే చూత్తారు. రెండోసారి రాసినవి ఎవడిక్కావాలి?" అన్నాడు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాను.

"ఒకరు చెప్పేదేంటమ్మా, అందరికీ తెలిసిందే."

ఒళ్ళు మండిపోయింది నాకు. అందరికీ తెలిసిందేట! తొక్కలు ఊడ్చుకుని మరీ వెళ్ళమన్నాను. అమ్మ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి నా తరఫున క్షమాపణ చెప్పుకుంది.

లెక్చరరు గారి మాట నిజమా, ఈయన మాట నిజమా, చెప్పేవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఇంప్రూవ్‌మెంటు రాసి పాండిచ్చేరి సీటుకి వెళ్ళినవాళ్ళెవరూ నాకు ముందు లేరు మరి. నాన్న అక్కడికి ఉత్తరం రాస్తే, ఏ మార్కులు తీసుకునేదీ సెలక్షను నాడు చెబుతామని జవాబొచ్చింది. ఇక ఆ రోజు దాకా నా మనసులో రెండే రెండు దారులు. మంచి మార్కులు కలిపారా, బతికాను. మొదటివే చూశారా, చచ్చాను. మూడోది ఒకటి ఉండొచ్చని నాకు గానీ, మా ఇంట్లో వాళ్ళకి గానీ, అన్నీ తెలిసిన ఆ పక్కింటాయనకి గానీ తట్టనే లేదు.

సెకండియరంతా ఫస్టియర్ ఫిజిక్సు చదివాను. నవ్వకండి. పొద్దున లేస్తే అదే పుస్తకం, అన్నం తింటూ అదే పుస్తకం. కాలేజీలో సెకండియర్ పాఠం చెబుతుంటే బల్ల కింద ఫస్టియర్ లెక్కలు చేసుకునేదాన్ని. కళ్ళు మూసుకుంటే చాలు, కొట్టివేతలతో నిండిన ఆ కాగితమే కనిపించేది.

మా క్లాసులో ఊరి చివర కనకాలపేట నుంచి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. వాళ్ళ నాన్న గోదావరిలో చేపల వేటకెళ్ళేవాడు. మాది వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు కాబట్టి ఆ కుటుంబం మాకు ఎప్పటి నుంచో తెలుసు. చిన్నప్పుడు కొట్టు ముందు తాడు చుట్టల మీద ఇద్దరం ఆడుకున్నవాళ్ళమే. అందుకే నన్ను 'ఏమే' అని పిలిచేవాడు. కాలేజీలో ఇంకెవరికీ అంత ధైర్యం లేదు.

"ఏమే, ఇంకా ఆ పాత పుస్తకమేనా? రేపు టెస్టు కరెంటు చాప్టరు మీద కదా!" అన్నాడొకసారి.

"నీ పని నువ్వు చూసుకో."

"నీకు కరెంటంటే పేణం కదా, అదైనా చదవ్వేంటే?"

"నీకొచ్చుంటే ఇరవై రెండు, తెలిసేది" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని సైకిలెక్కి పోయాడు. పరీక్షంటే వాడికి భయమనేదే ఉండేది కాదు. ముందున్న పాఠం చదువుకునేవాడు, అయిపోయినదాని గురించి ఆలోచించేవాడు కాదు. వాణ్ణి చూస్తే నాకు ఎంత అసూయగా ఉండేదో చెప్పలేను.

పరీక్షలు రోజు మార్చి రోజు. ఒకరోజు ఫస్టియర్ పేపరు, మర్నాడు సెకండియర్ పేపరు. ఫస్టియర్ ఫిజిక్సు నాడు హాల్లో కూర్చున్నాక ఆ పాత కాగితమే కళ్ళ ముందు మెదిలింది. అయినా ఈసారి చెయ్యి ఆగలేదు. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నదాన్ని, లేచేసరికి దీపాలు పెట్టేశారు. మర్నాడే సెకండియర్ ఫిజిక్సు. ఒంట్లో సత్తువ లేదు, బుర్రలో ఏమీ లేదు. తెలిసిందేదో రాసి వచ్చాను. పెద్దగా బాధ కూడా వేయలేదు. గండం నిన్ననే గడిచిపోయిందని నా ధీమా.

ఇంప్రూవ్‌మెంటులో యాభై ఒకటి వచ్చింది! నాన్న ఆ రోజు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ తాడు కొలిచేలోపు ఈ సంగతి చెప్పేశాడు. సెకండియర్ ఫిజిక్సు మార్కు బాగా తగ్గింది, కానీ ఆ సంబరంలో ఎవరు చూశారు దాని వంక?

ఒకే ఊళ్ళో ఒకే సీటు కోసం కాచుకుని ఉన్న ఇద్దరికి ఒకరి మార్కులొకరికి నోటికొచ్చేసి ఉంటాయి. మాలో ఆ సీటుకి దగ్గరగా వచ్చింది ఇద్దరమే, నేనూ ఆ కనకాలపేట కుర్రాడూ. రెండేళ్ళవీ కలిపి, నా యాభై ఒకటి వేసుకుంటే, లెక్కలూ ఫిజిక్సూ కెమిస్ట్రీల్లో వాడి కంటే నేను తొమ్మిది మార్కులు పైన. ఆ పాత ఇరవై రెండే వేస్తే వాడు నాకంటే ఇరవై పైన. ఎన్నిసార్లు కూడి చూశానో. కూడిన ప్రతిసారీ ముందు తొమ్మిది చూసి మురిసిపోవడం, వెంటనే ఇరవై గుర్తొచ్చి మళ్ళీ మొదటి నుంచి కూడటం.

పాండిచ్చేరి నుంచి పిలుపొచ్చింది. యానాంలో ఒక అలవాటు ఉంది. రాజధాని అంత దూరాన ఉండబట్టి వచ్చిందది. పాండిచ్చేరి వెళ్ళేవాడు ఎవడైనా ఊళ్ళో వాళ్ళ పనులన్నీ నెత్తినేసుకుని వెళ్ళాలి. ఒకరి పెన్షను కాగితం, ఇంకొకరి సంతకం, వేరొకరి మందులు. తోడు కావాలన్నవాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళాలి. కాదనడం మర్యాద కాదు. మేం బయల్దేరుతున్నామని తెలిసి కనకాలపేట నుంచి ఆ కుర్రాడి తల్లి వచ్చింది.

"బాబుగారూ, మావోణ్ణి కూడా మీతో తీసుకెళ్ళండి బాబూ. ఆల్ల నాన్న ఏటకెల్లాడు, ఎప్పుడొత్తాడో తెలీదు. ఈడు కాకినాడ దాటి ఎరగడు" అంది.

"దానికేవుందమ్మా, పంపించు. మా అమ్మాయితోపాటే" అన్నాడు నాన్న.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో అమ్మ అందుకుంది. "మీకేమైనా మతుందా? మన పిల్లకి పోటీ వచ్చేవాణ్ణి మన చేత్తో తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెడతారా?"

"పాండిచ్చేరి వెళ్తూ యానాం పిల్లాణ్ణి వదిలేసి వెళ్తానా? ఊళ్ళో తలెత్తుకోవద్దూ?" అన్నాడు నాన్న. అమ్మ నా వైపు చూసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన అమ్మ చెప్పిందే బాగుందనిపించింది.

సామర్లకోటలో రైలెక్కి మద్రాసు, అక్కడి నుంచి బస్సు. దారి పొడుగునా నాకు ముద్ద దిగలేదు. ఆ కుర్రాడు తెచ్చిన ఎండురొయ్యల వేపుడు నాన్న లొట్టలేసుకుంటూ తిన్నాడు. మద్రాసు స్టేషను జనాన్ని చూసేసరికి వాడి మొహం పాలిపోయింది. నాన్న చొక్కా అంచు పట్టుకుని నడిచాడు, అంత పొడుగు మనిషీ. పరీక్షలకి బెదరనివాడు ఊరికి బెదిరాడు. చూసి నేను సంతోషించాలి, కానీ నాకే దిక్కు లేదు.

సెలక్షను జరిగే హాలు నిండా జనం. ఒకవైపు తమిళం, ఇంకోవైపు మలయాళం, మధ్యలో మా ముగ్గురి తెలుగు. కేరళ పక్కన ఉన్నా మాలాగే పాండిచ్చేరి కిందకొచ్చే మాహే నుంచి వచ్చిన అమ్మాయొకతె నా పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. నన్ను చూసి నవ్వబోయింది, నవ్వలేకపోయింది. భాష తెలియకపోయినా అది మాత్రం నాకు బాగా అర్థమైంది.

కళ్ళద్దాల ఆఫీసరొకాయన లేచి ఇంగ్లీషులో చదవడం మొదలెట్టాడు. ఇక్కడికి వచ్చిన పిల్లలవి వేరు వేరు బోర్డులు. కొందరికి చివరి ఏడు ఒక్కటే బోర్డు పరీక్ష, మొదటి ఏడు పరీక్ష బడివాళ్ళే పెట్టుకుంటారు. కొందరికి రెండేళ్ళూ బోర్డు పరీక్షలే. వీటిని పక్కపక్కన పెట్టి చూడాలంటే అందరికీ ఉన్నదే తీసుకోవాలి. కాబట్టి చివరి ఏడు లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మార్కులు నూటికి మార్చి, వాటినే చూస్తాం. మొదటి ఏడు మార్కులు, ఎప్పుడు రాసినవైనా సరే, చూడం.

"ఏవంటున్నాడమ్మా?" నాన్న నా చెవి దగ్గర గుసగుసలాడాడు.

"ఫస్టియర్ మార్కులు చూడరట నాన్నా" అన్నాను.

అనేశాకే నా బుర్ర కూడటం మొదలెట్టింది. రెండేళ్ళవి కలిపితేనే నేను తొమ్మిది పైన. ఫస్టియర్ తీసేస్తే నా యాభై ఒకటి కూడా పోయినట్టే. మిగిలేది సెకండియర్. అందులో వాడు నాకంటే నాలుగు మార్కులు పైన. నూటికి మార్చినా, వెయ్యికి మార్చినా వాడే పైన. ఆ నాలుగు మార్కులూ ఎక్కడ పోయాయో నాకు తెలుసు. బల్ల కింద ఫస్టియర్ పుస్తకం తెరుచుకు కూర్చున్న ఆ ఏడాదిలో పోయాయి. నేను ఇరవై రెండుకి భయపడి చచ్చాను, అసలు దాని వంక చూసేవాడే లేడు.

ఇటు నాన్న మొహం వెలిగిపోతోంది. "చూడరా? నిజంగానా? అయితే ఆ పాడు ఇరవై రెండు పోయినట్టేగా! ఇంకేంటి తల్లీ, గండం గట్టెక్కాం!" అని నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆ పక్కింటాయన పేరెత్తి, ఊరెళ్ళాక వాడి పని చెబుతానన్నాడు. జేబులోంచి బిస్కెట్ల పొట్లం తీసి ముందు నాకు పెట్టాడు, తర్వాత ఆ కుర్రాడికి. వాడి భుజం తట్టి, "నువ్వేం బెంగెట్టుకోకు బాబూ. నీకూ ఏదో దారి చూద్దాంలే" అన్నాడు.

వాడు బిస్కెట్టు చేతిలో పట్టుకుని నా వంక చూశాడు. వాడికీ నా మార్కులు నోటికొచ్చు కదా.

చెప్పాలి. నాన్నకి అప్పుడే చెప్పేయాలి. నోరు తెరిచి, చేతిలో బిస్కెట్టు వంక చూసి మళ్ళీ మూసుకున్నాను. పాండిచ్చేరి వాళ్ళని పిలిచారు, కారైకాల్ వాళ్ళని పిలిచారు, మాహే అమ్మాయి లేచి వెళ్ళింది. అంతసేపూ నాన్న ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. హాస్టల్లో అన్నం ఎలా ఉంటుందో, నాకు పెరుగు లేనిదే ముద్ద దిగదే, అమ్మకి టెలిగ్రాం ఎక్కడి నుంచి ఇవ్వాలో. ఆయన సంతోషపడుతున్నకొద్దీ నాకు భయం ఎక్కువైంది. దేవుడా, యానాం పేరు ఇప్పుడే పిలవొద్దు, కాసేపు ఆగనీ అనుకున్నాను. ఇంతకాలం సీటు ఎప్పుడిస్తారా అని వేగిపోయినదాన్ని, ఇప్పుడా సీటు ఎవరికీ ఇవ్వకుండా అందరూ లేచి ఇంటికి పోతే బాగుండుననిపించింది.

యానాం అన్నారు. పేరు చదివారు. నాన్న కుర్చీలోంచి సగం లేచాడు. చదివింది నా పేరు కాదు.

"అదేంటి? వాడి పేరు పిలిచారేంటి?" నా వైపు తిరిగాడు. "ఫస్టియర్ చూడరన్నావు కదే?"

"చూడరు నాన్నా. నా యాభై ఒకటి కూడా చూడరు."

నాన్న అలాగే వంగి నిలబడిపోయాడు. బల్ల దగ్గర్నుంచి మళ్ళీ పిలిచారు, తండ్రి గానీ గార్డియన్ గానీ కూడా రావాలన్నారు. ఆ కుర్రాడు లేవలేదు. చేతిలో బిస్కెట్టు పొడి పొడి అయిపోయి ప్యాంటు మీద రాలుతోంది. "బాబుగారూ..." అని మాత్రం అనగలిగాడు.

నాన్న వాడి వంక చూశాడు, నా వంక చూశాడు. భుజం మీద కండువా సర్దుకున్నాడు. "లే బాబూ. పిలుస్తున్నారు" అని వాడి రెక్క పట్టుకుని లేపి, బల్ల దాకా నడిపించుకెళ్ళాడు. గార్డియన్ ఎవరని అడిగినట్టున్నారు. "నేనేనండి ఆయ్. యానాం నుంచి నేనే తీసుకొచ్చానండి" అని తెలుగులోనే చెప్పాడు. వాళ్ళు చూపించిన చోట సంతకం పెట్టాడు. తలెత్తకుండా, నిదానంగా, బడిలో దిద్దినట్టు పెట్టాడు.

తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా కోసం తీసిన బిస్కెట్టు ఇంకా నా చేతిలోనే ఉంది.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?" అన్నాడు చివరికి.

"నీకు చెప్పినప్పుడే నాన్నా."

"అప్పుడేనా?" ఇంతసేపూ తను మాట్లాడినవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మరి నాకు చెప్పలేదేమే తల్లీ?"

"భయమేసింది నాన్నా" అన్నాను.